పాత వెర్షన్‌కు వెళ్లే దారి ఎవరి చేతిలో ఉంది?

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల మొబైల్ రిపేరు దుకాణాల్లో, ఏదైనా పెద్ద అప్‌డేట్ వచ్చిన వారం పది రోజులపాటు ఒకే మాట తెగ వినిపిస్తుంది: "అన్నా, ఇది వద్దు, పాతదే ఎక్కించు." ఒకరికి కెమెరా బటన్లు తారుమారయ్యాయి. ఇంకొకరికి పొద్దున నిండా ఛార్జి చేసిన బ్యాటరీ మధ్యాహ్నం అన్నం వేళకే దిగిపోతోంది. మరొకరి ఇంట్లో పెద్దాయనకు కాల్ ఎత్తే గుర్తు ఎటు పోయిందో తెలియడం లేదు. దుకాణదారు మాత్రం ఈ బాధల గురించి పెద్దగా అడగడు. ఏ కంపెనీ, ఏ మోడల్, చివరి అప్‌డేట్ ఎప్పుడు వేశారు అని అడుగుతాడు. ఆ మూడు జవాబుల్లోనే సగం సంగతి తేలిపోతుంది. పాత వెర్షన్‌కు వెళ్లడం అతని నేర్పును బట్టి జరిగే పని కాదు, ఫోను తయారు చేసిన కంపెనీ ముందే వేసి పెట్టిన తాళాన్ని బట్టి జరిగే పని. ఆ తాళం ఉండటానికి గట్టి కారణమే ఉంది. తాళంచెవి ఒక్క కంపెనీ దగ్గరే ఉండటం, డబ్బు పెట్టి కొన్నవారికి కొద్దిరోజుల గడువులోపలైనా వెనక్కి వెళ్లే వీలు లేకపోవడం వేరే సంగతి. మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని సమర్థించడం కంపెనీలకు అలవాటైంది.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోను కొన్న రోజున ఉన్న వెర్షన్‌కు వెళ్లిపోతుందని చాలామంది నమ్ముతారు. వెళ్లదు. ఫోనులో నిల్వ స్థలం విభాగాలుగా ఉంటుంది. ఆండ్రాయిడ్ వ్యవస్థ ఒక విభాగంలోనూ, మన ఫోటోలు, యాప్‌లు, వాట్సాప్ సంభాషణలు మరో విభాగంలోనూ ఉంటాయి. రీసెట్ తుడిచేది రెండోదాన్ని. అప్‌డేట్ మార్చింది మొదటిదాన్ని. కాబట్టి రీసెట్ తర్వాత కనిపించేది అదే కొత్త వెర్షన్, కాకపోతే ఖాళీగా. బిడ్డ పెళ్లి ఫోటోలు పోగొట్టుకుని, వద్దనుకున్న వెర్షన్‌నే చూస్తూ కూర్చున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరిద్దరు ఉంటారు.

ఇంకో పొరపాటు దీనికి ఎదురు దిశలో జరుగుతుంది. 2025 ఆగస్టులో చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కాల్ చేసే తెర రాత్రికి రాత్రి మారిపోయింది. అక్షరాలు పెద్దవయ్యాయి, కాల్ ఎత్తే పద్ధతి మారింది. ఏ అప్‌డేటూ వేయకుండానే ఫోను మారిందేమిటని జనం కంగారు పడ్డారు. మారింది ఆండ్రాయిడ్ కాదు, గూగుల్ ఫోన్ అనే ఒక్క యాప్. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు మీద నొక్కి, అప్‌డేట్లను తొలగించమంటే పాత రూపం తిరిగి వచ్చేది. అంటే వ్యవస్థ మొత్తాన్ని మార్చాల్సిన పనే లేని చోట కూడా కొందరు ఫోనును రిపేరు బల్ల మీద పెట్టేశారు. ఫిర్యాదు ఒక యాప్ గురించా, మొత్తం ఫోను గురించా అన్నది ముందు తేల్చుకుంటే చాలా ప్రయాణాలు తప్పుతాయి.

ఇక తాళం సంగతి. అది ఎక్కడుందో చూడాలంటే పవర్ బటన్ నొక్కాక, కంపెనీ లోగో తెర మీద ఉన్న ఆ కొద్ది సెకన్లలో లోపల ఏం జరుగుతుందో తెలియాలి. ప్రాసెసర్‌లో చెరపడానికి వీల్లేకుండా రాసిన చిన్న ప్రోగ్రాం అన్నిటికంటే ముందు లేస్తుంది. అది ఆండ్రాయిడ్‌ను లేపే బూట్‌లోడర్ అనే ప్రోగ్రాంను పరీక్షించి, దాని మీద కంపెనీ డిజిటల్ సంతకం సరిగ్గా ఉంటేనే నడవనిస్తుంది. బూట్‌లోడర్ తన వంతుగా ఆండ్రాయిడ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌నూ, వ్యవస్థ విభాగాలనూ అలాగే పరీక్షిస్తుంది. ఎవరో మార్చిన సాఫ్ట్‌వేర్‌ను ఈ వరుస పట్టేస్తుంది. కానీ ఇందులో ఒక చిక్కు ఉంది. రెండేళ్ల కిందటి వెర్షన్ మీద ఉన్నదీ కంపెనీ సంతకమే. అది దొంగది కాదు. కాకపోతే ఈ రెండేళ్లలో బయటపడిన లోపాలన్నీ అందులో పూడ్చకుండా ఉన్నాయి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో నిరుడు ఇచ్చిన తక్‌పట్టీ (సరుకు అమ్మిన చీటీ) మీద ముద్రా అసలుదే, కానీ దాన్ని చూపించి ఈ ఏటి పత్తికి డబ్బు అడిగితే ఎవరూ ఇవ్వరు. సంతకం ఎవరిదో చూస్తే చాలదు, ఏనాటిదో కూడా చూడటం ఫోనుకు నేర్పాల్సి వచ్చింది.

పైన చెప్పిన సంతకాల పరీక్షను వెరిఫైడ్ బూట్ అంటారు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన దాని కొత్త రూపంలో ఈ ఏర్పాటు ఉంది. ప్రతి వెర్షన్‌లోనూ ఒక సంఖ్య ఉంటుంది. ఫోను తాను ఇంతవరకు అంగీకరించిన వెర్షన్ సంఖ్యను, మామూలు ప్రోగ్రాములు ముట్టుకోలేని చోట రాసిపెట్టుకుంటుంది. కొత్తగా ఎక్కించిన వ్యవస్థలో సంఖ్య అంతకంటే చిన్నదైతే లేవనంటుంది. భద్రతా లోపాలు పూడ్చినప్పుడు కంపెనీలు ఈ సంఖ్యను పెంచుతాయి, ప్రతి అప్‌డేట్‌కూ పెంచాలని ఏమీ లేదు. కొన్ని కంపెనీలు ఇంకా గట్టిగా, ప్రాసెసర్‌లోనే అతి సన్నని ఎలక్ట్రానిక్ ఫ్యూజులు పెడతాయి. అప్‌డేట్ సమయంలో ఒక ఫ్యూజు కాలిందంటే అది కాలినట్టే. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని మళ్లీ అతికించలేదు.

ఇదంతా ఎవరి మేలు కోసం? మేడారం జాతర జనంలో ఫోను పోగొట్టుకున్నవారి వైపు నుంచి ఆలోచిస్తే తెలుస్తుంది. ఫోనును సెట్టింగ్స్ ద్వారా కాకుండా వేరే దారిలో తుడిచేస్తే పాత గూగుల్ ఖాతా వివరాలు అడిగే రక్షణ 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చింది. ఆ తర్వాత దాన్ని దాటే కిటుకులు ఒక్కొక్కటిగా బయటపడటం, వాటిని కంపెనీలు ఒక్కొక్కటిగా మూయడం నడుస్తూనే ఉంది. దొంగ చేతిలో పడిన ఫోనుకు ఏ అడ్డూ లేకుండా పాత వెర్షన్ ఎక్కించగలిగితే, మూసిన కిటుకులన్నీ మళ్లీ తెరుచుకుంటాయి. కాబట్టి తాళం అనవసరం అనేవారి వాదనలో బలం లేదు.

మరి ఏ ఫోను వెనక్కి వెళ్తుంది, ఏది వెళ్లదు? ఇక్కడ కంపెనీకో దారి.

శామ్‌సంగ్ ఫోనులో తాళం సంఖ్య కంటికే కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో 'ఫోను గురించి' అనే చోట సాఫ్ట్‌వేర్ సమాచారంలోకి వెళితే బిల్డ్ నంబరు అని అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి వరుస ఉంటుంది. దాని చివరి నుంచి వెనక్కి లెక్కపెడితే ఐదో స్థానంలో ఉన్నదే బూట్‌లోడర్ సంఖ్య. దుకాణాల్లో దీన్ని 'బైనరీ' అంటారు. 9 దాటాక అక్కడ అక్షరం వస్తుంది. ఆ చోట 5 ఉన్న ఫోనుకు, అదే 5 ఉన్న పాత వెర్షన్‌ను కంప్యూటర్ నుంచి ఓడిన్ అనే ప్రోగ్రాంతో ఎక్కించవచ్చు. 4 ఉన్నది ఎక్కించబోతే డౌన్‌లోడ్ తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చి పని అక్కడితో ఆగుతుంది. ఇందులో గమనించాల్సిన విశేషం ఒకటుంది. ఆండ్రాయిడ్ వెర్షన్ మారినా బైనరీ మారకపోతే దారి తెరిచే ఉంటుంది. వెర్షన్ అలాగే ఉండి, నెలవారీ చిన్న సెక్యూరిటీ అప్‌డేట్‌లో బైనరీ పెరిగితే దారి మూసుకుపోతుంది. పెద్ద అప్‌డేట్‌కు భయపడి, చిన్నవాటిని చూడకుండా నొక్కేసేవారికి ఈ సంగతి తెలియదు. తెర మీద వచ్చే అప్‌డేట్ సందేశంలో కూడా ఈ విషయం చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, లేదా అసలు ఉండదు.

షావోమీ 2018లో తన ఫోన్లకు ఈ వెనుకడుగు నిరోధం పెట్టినప్పుడు దెబ్బ తగిలింది ఎక్కువగా ఉత్సాహవంతులకే. అప్పటికి మన దగ్గర విపరీతంగా అమ్ముడవుతున్న రెడ్‌మీ నోట్ 5 ప్రోలో, ఆండ్రాయిడ్‌కు షావోమీ ఇచ్చిన సొంత రూపమైన మీయూఐలో 10 నుంచి 9కి వెళ్లబోయినవారి ఫోన్లు నల్లటి తెరతో మిగిలిపోయాయి. వాటిని మళ్లీ లేపే అత్యవసర మార్గానికి కూడా కంపెనీ అనుమతించిన ఖాతా కావాలి. దుకాణాల్లో 'ఫోను డెడ్ అయింది, బోర్డు మార్చాలి' అనే మాట ఆ రోజుల్లో ఇలాంటి కేసులకూ వాడేశారు. నిజానికి బోర్డు బాగానే ఉంది, సాఫ్ట్‌వేర్ తలుపే మూసుకుంది. సొంత పిక్సెల్ ఫోన్ల విషయంలో గూగుల్ ఎంతో ఉదారంగా పాత వెర్షన్లన్నీ అందుబాటులో ఉంచుతుంది. అదే గూగుల్ 2022 ఆగస్టులో పిక్సెల్ 6 వరుసకు ఆండ్రాయిడ్ 13 ఇస్తూ, ఇది వేశాక 12కి వెళ్లలేరని చెప్పింది. ముందే చెప్పడం అందులో మెచ్చుకోవాల్సిన అంశం. రియల్‌మీ, వన్‌ప్లస్ కొన్ని మోడళ్లకు తామే అధికారికంగా వెనక్కి వెళ్లే ప్యాకేజీలు ఇచ్చాయి. డేటా మొత్తం పోతుంది, కానీ దారి చట్టబద్ధమైనది, ఉచితమైనది. దుకాణానికి వెళ్లే ముందు తన మోడల్‌కు అలాంటి ప్యాకేజీ ఉందేమో కంపెనీ సహాయ కేంద్రాన్ని అడగడం తెలివైన పని.

ఐఫోన్ తీరు వేరు. అక్కడ తాళం ఎక్కువగా ఆపిల్ సర్వర్‌లో ఉంటుంది. 2009 నాటి ఐఫోన్ 3జీఎస్ నుంచి, ఐఓఎస్‌ను ఎక్కించే ప్రతిసారీ ఫోను తన ప్రత్యేక సంఖ్యను ఆ సర్వర్‌కు పంపి అనుమతి సంతకం తెచ్చుకోవాలి. కొత్త వెర్షన్ వచ్చిన కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లోపు పాతదానికి సంతకం ఇవ్వడం ఆపిల్ సాధారణంగా మానేస్తుంది. ఆ క్షణం నుంచి ఫైలు చేతిలో ఉన్నా దానికి విలువ లేదు. కంపెనీకి అవసరమైనప్పుడు ఇదే తలుపు ఎంత సులువుగా తెరుచుకుంటుందో 2014 సెప్టెంబరులో తెలిసింది. ఐఓఎస్ 8.0.1 వేసిన ఐఫోన్ 6లలో కాల్స్ ఆగిపోయాయి, వేలిముద్ర పనిచేయలేదు. ఆపిల్ గంట దాటీ దాటకముందే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుని, ఐఓఎస్ 8కి ఎలా తిరిగి వెళ్లాలో తానే వివరించింది. మర్నాడు 8.0.2 విడుదల చేసింది. వెనక్కి వెళ్లడం ప్రమాదకరం అనే సాధారణ సూత్రానికి, తప్పు తనదైనప్పుడు మినహాయింపు దొరికింది.

తలుపు తెరిచే ఉందనుకుందాం. అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది, దుకాణదారు అడిగే కూలి అందులో చిన్న భాగం. వెనక్కి వెళితే ఫోనులోని డేటా నిలవకపోవడానికి కారణం ఎవరి నిర్లక్ష్యమూ కాదు. ఫోటోల నుంచి సందేశాల దాకా అన్నీ రహస్య లిపిలో భద్రపరిచి ఉంటాయి. వాటిని విప్పే తాళాలను ఫోనులోని భద్రతా భాగం, వ్యవస్థ వెర్షన్‌తోనూ, భద్రతా లోపాలు పూడ్చే ప్యాచ్ తేదీతోనూ ముడిపెడుతుంది. వెర్షన్ వెనక్కి పోతే ఆ తాళాలు పనిచేయవు. పైగా యాప్‌లు తమ సమాచారాన్ని కొత్త పద్ధతికి మార్చుకున్నాక, పాత పద్ధతి వ్యవస్థకు ఆ రాత అర్థం కాదు. అందుకే తుడవక తప్పదు.

బ్యాకప్ ఉందిగా అనుకుంటే అక్కడా మెలిక ఉంది. ఎక్కువ వెర్షన్ ఆండ్రాయిడ్‌లో తీసిన గూగుల్ బ్యాకప్‌ను తక్కువ వెర్షన్ ఉన్న ఫోనులోకి దించుకోలేరు. ఐఫోన్‌దీ అదే నియమం. కొత్త ఐఓఎస్‌లో తీసిన బ్యాకప్‌ను పాత ఐఓఎస్ తీసుకోదు. కాబట్టి అప్‌డేట్ వేశాక తీసిన బ్యాకప్ వెనక్కి వెళ్లేవారికి దాదాపు దండగ. ఫోటోలను, కాంటాక్టులను, వాట్సాప్ బ్యాకప్‌ను దేనికది విడిగా దాచుకుంటే పనికొస్తాయి.

పల్లెల్లో దీనికి మించిన అడ్డంకి ఒకటుంది. ఫోను కొన్నప్పుడు జీమెయిల్ ఖాతా తెరిచింది ఎవరు? చాలాసార్లు అమ్మిన కుర్రాడు. పేరు, పాస్‌వర్డ్ అతనికి తోచింది పెట్టి, ఆ రోజే మరిచిపోయి ఉంటాడు. జమ్మికుంట పక్క ఊరి రైతుకు ఆ ఖాతా ఉందన్న సంగతే తెలియదు, ఎందుకంటే మూడేళ్లుగా ఫోను దాన్ని ఎప్పుడూ అడగలేదు. కంప్యూటర్‌కు తగిలించి సాఫ్ట్‌వేర్ మార్చాక మొదటి తెర మీద అడుగుతుంది. దొంగను ఆపడానికి పెట్టిన రక్షణ ఇప్పుడు యజమానిని గుమ్మంలో నిలబెడుతుంది. అతని దగ్గర బిల్లు ఉంటే సర్వీస్ సెంటర్ దారి ఉంది, లేకపోతే 'లాక్ తీసేవాళ్ల' దగ్గరకు వెళ్లాలి, వాళ్లలో ఎవరు ఎలాంటివారో చెప్పలేం. సాఫ్ట్‌వేర్ జోలికి పోయే ముందు సెట్టింగ్స్‌లో ఖాతా పేరు చూసి, పాస్‌వర్డ్ తెలిసేలా మార్చుకోవడం అన్నిటికంటే ముఖ్యమైన పని. దీని గురించి చెప్పే దుకాణదారులు చాలా తక్కువ.

ఖాతా దాటాక డబ్బు యాప్‌లు వస్తాయి. యూపీఐ కోసం సిమ్ నుంచి సందేశం వెళ్లి నంబరు మళ్లీ నిర్ధారణ కావాలి, కొత్తగా నమోదైన ఫోను నుంచి మొదటి 24 గంటలపాటు పంపే మొత్తానికి పరిమితి ఉండవచ్చు. ఎరువుల దుకాణంలో నిలబడి ఉన్నప్పుడు ఇది చిన్న ఇబ్బందేమీ కాదు. 2025–26 సీజన్‌లో భారత పత్తి సంస్థ (సీసీఐ)కు పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాల్సి వచ్చింది. వరంగల్, ఆదిలాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో పత్తి ఏరే నెలల్లో ఫోను రెండు రోజులు లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. అంగన్‌వాడీ టీచర్‌కు పోషణ్ ట్రాకర్ ఉంది, పింఛనుదారుకు ముఖం చూపించే యాప్ ఉంది. ఇవన్నీ ఫోను వెర్షన్ మీద కనీస షరతులు పెడతాయి, ఆ షరతులు ఏటికేడు పైకే పోతాయి. 2025 మే నుంచి వాట్సాప్ ఐఓఎస్ 15.1 కంటే పాత వెర్షన్లలో పనిచేయడం మానేసింది. ఇష్టపడి వెనక్కి వెళ్లినవారిని యాప్‌లే మళ్లీ ముందుకు తోస్తాయి.

బూట్‌లోడర్ తాళమే తీసేసి, అనధికారిక దారిలో పాత వెర్షన్ వేయించుకుంటే? అది వేరే కథ. అలాంటి ఫోనును గూగుల్ భద్రతా పరీక్ష నమ్మదగినదిగా గుర్తించదు, బ్యాంకు యాప్‌లు చాలావరకు తెరుచుకోవు. శామ్‌సంగ్‌లో అనధికారిక సాఫ్ట్‌వేర్ ఎక్కించగానే నాక్స్ అనే భద్రతా ఏర్పాటులోని ఫ్యూజు కాలి, సెక్యూర్ ఫోల్డర్ వంటివి శాశ్వతంగా పోతాయి. కాజీపేట ఎన్ఐటీ హాస్టల్లో ఇంజనీరింగ్ విద్యార్థి తన పాత రెండో ఫోను మీద ఈ ప్రయోగాలు చేసుకోవచ్చు. ఇంట్లో ఉన్న ఒకే ఒక ఫోను మీద చేయడం వివేకం అనిపించుకోదు.

రిపేరు బల్ల మీద జరిగే ఒక తప్పు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం పోలీస్ స్టేషన్ దాకా వెళ్లగలదు. మీడియాటెక్ ప్రాసెసర్ ఉన్న ఫోన్లకు ఎస్పీ ఫ్లాష్ టూల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం వాడతారు. అందులో పైన చిన్న జాబితా తెరిస్తే మూడు ఎంపికలు కనిపిస్తాయి. ఒకటి ఉన్న విభాగాల మీద కొత్త ఫైళ్లు రాస్తుంది. ఇంకొకటి ఫర్మ్‌వేర్‌ను నవీకరిస్తుంది. మూడోది మొత్తం ఫార్మాట్ చేసి ఆ తర్వాత రాస్తుంది. 'సాఫ్ట్‌వేర్ కొట్టడం' త్వరగా అయిపోవాలని, మొండికేసిన ఫోను మీద కొత్త మెకానిక్ మూడోదాన్ని నొక్కితే, ఫోనును గుర్తుపట్టే ప్రత్యేక సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు రాసి ఉన్న విభాగం కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఫోను చక్కగా లేస్తుంది, పాత వెర్షనే కనిపిస్తుంది, సిగ్నల్ మాత్రం రాదు. అప్పుడు ఏదో ఒక నంబరు రాసి సిగ్నల్ తెప్పించే ప్రయత్నం మొదలవుతుంది. టెలికమ్యూనికేషన్ల చట్టం, 2023 ప్రకారం ఐఎంఈఐ మార్చడం నేరం. మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ వ్యవస్థతో పోయిన ఫోన్లను వెతికి పట్టడంలో తెలంగాణ పోలీసులు చురుగ్గా ఉన్నారు, కాబట్టి ఇది కాగితం మీది భయం కాదు. ఫోను ఇచ్చే ముందూ, తీసుకున్నాకా స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి, తెర మీద నంబరును డబ్బా మీద నంబరుతో పోల్చి చూడాలి. అర నిమిషం పని.

ఇంతకీ అప్‌డేట్ తర్వాత వచ్చిన జబ్బులన్నీ అప్‌డేట్ తెచ్చినవేనా? కొన్ని అవును. కొన్నిటికి కారణం వేరు. పెద్ద అప్‌డేట్ పడ్డాక ఫోను లోపల యాప్‌లన్నిటినీ కొత్త వ్యవస్థకు తగ్గట్టు మళ్లీ సిద్ధం చేసుకుంటుంది, ఫోటోలను మళ్లీ వరుస పెడుతుంది. ఒకటి రెండు రోజులు వేడి, నెమ్మది, బ్యాటరీ దిగడం మామూలే. ఆ రెండు రోజుల్లోనే సగం మంది నిర్ణయం తీసేసుకుంటారు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో ఏ ఫోనైనా తనను తాను చల్లబరచుకోవడానికి వేగం తగ్గిస్తుంది. లిథియం బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుంది. పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలతో నిల్వ నిండిపోయిన ఫోనుకు ఏ వెర్షన్ వేసినా ఒకటే. ఇక తెర మీద నిలువుగా వచ్చే పచ్చ గీత. అప్‌డేట్ వేసిన మర్నాడే వచ్చినా, అది తెరలో వచ్చిన భౌతిక లోపం. పాత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే గీత చెరిగిపోదు. కొన్ని కంపెనీలు ఈ గీతకు ఉచితంగా తెర మార్చే పథకాలు ప్రకటించాయి, వారంటీ అయిపోయిన ఫోన్లకు కూడా. అలాంటి ఫోనును ముందుగా బయట విప్పిస్తే ఆ అవకాశం చేజారుతుంది.

అయినా, నిజంగానే అప్‌డేట్ చెడగొట్టిన సందర్భాలు ఉన్నాయి, అవి కోర్టులూ నియంత్రణ సంస్థల రికార్డుల్లోకి ఎక్కాయి. 2017 డిసెంబరులో ఆపిల్, బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించినట్టు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. ఇటలీలో మార్కెట్ పోటీని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ 2018 అక్టోబరులో ఆపిల్‌కు కోటి యూరోలు, శామ్‌సంగ్‌కు 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. శామ్‌సంగ్ తప్పు ఏమిటంటే, నోట్ 7 కోసం రూపొందించిన వ్యవస్థను పాత నోట్ 4 కొన్నవారి చేత పదేపదే చెప్పి వేయించడం. ఫ్రాన్స్ వినియోగదారుల శాఖ 2020 ఫిబ్రవరిలో ప్రకటించిన రెండున్నర కోట్ల యూరోల జరిమానా మన చర్చకు ఇంకా దగ్గరగా ఉంటుంది. అప్‌డేట్ వల్ల వేగం తగ్గవచ్చని ముందే చెప్పకపోవడాన్ని ఆ సంస్థ తప్పుపట్టింది. పాత వెర్షన్‌కు వెళ్లే వీలు లేక చాలామంది బ్యాటరీయో, ఏకంగా ఫోనో మార్చాల్సి వచ్చిందని కూడా ఎత్తి చూపింది. దారి మూయడం వల్ల కొన్నవారి జేబుకు పడే చిల్లును ఒక ప్రభుత్వ సంస్థ లెక్కలోకి తీసుకోవడం అది.

భద్రత కోసమే మూస్తున్నామన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది? రూపం మారడం, లోపాలు పూడ్చడం ఒకే మూటలో కట్టి ఇస్తేనే ఆ వాదన నిలుస్తుంది. రెంటినీ విడదీయవచ్చని కంపెనీలే చూపించాయి. 2015 ఆగస్టు నుంచి ఆండ్రాయిడ్ భద్రతా ప్యాచ్‌లు వెర్షన్‌తో సంబంధం లేకుండా నెలనెలా వస్తున్నాయి. 2021లో ఐఓఎస్ 15 వచ్చినప్పుడు, ఇష్టం లేనివారు 14లోనే ఉండి భద్రతా ప్యాచ్‌లు తీసుకోవచ్చని ఆపిల్ చెప్పింది. కొన్ని నెలలకే ఆ వెసులుబాటు ఆగిపోయింది, కానీ సాధ్యమేనని తేలింది. విండోస్ 11లో పెద్ద అప్‌గ్రేడ్ వేశాక 10 రోజుల్లోపు, ఫైళ్లు పోకుండా పాతదానికి వెళ్లే బటన్ సెట్టింగ్స్‌లోనే ఉంది. ఫోన్లలోనూ బీజం లేకపోలేదు. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన పద్ధతిలో వ్యవస్థకు రెండు ప్రతులు ఉంటాయి. కొత్త ప్రతి సరిగ్గా లేవకపోతే ఫోను తనంతట తానే పాత ప్రతికి వెళ్లిపోతుంది. ఇప్పటి ఫోన్లలో స్థలం ఆదా కోసం, కొత్తది ఒకసారి సవ్యంగా లేవగానే పాతదాన్ని తీసేస్తారు. ఆ తీసివేతను పది రోజులు వాయిదా వేయడం సాంకేతికంగా అసాధ్యం కాదు. నిల్వ స్థలం కొంత పోతుంది, డేటా విషయంలో అదనపు శ్రమ ఉంటుంది, కంపెనీ రెండు వెర్షన్లకు కొన్నాళ్లు బాధ్యత వహించాలి. ఇబ్బంది అంతా ఆ చివరి దాంట్లోనే ఉంది. ఆ పది రోజుల్లో భద్రతా ప్రమాదం ఎంత అంటే, అప్‌డేట్ నొక్కకుండా వారాల తరబడి వాయిదా వేసే కోట్ల మందికి ఉన్నంతే.

మన దేశంలో ఈ దిశగా అడుగులు నెమ్మదిగా పడుతున్నాయి. 2025 మేలో కేంద్ర వినియోగదారుల శాఖకు అందిన, వస్తువును బాగుచేయడం ఎంత సులువో కొలిచే మరమ్మతు సూచీ నివేదికలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లను కూడా ఒక కొలమానంగా చేర్చారు. అది అప్‌డేట్ ఎంతకాలం ఇస్తారన్నదాని గురించి. వేసిన అప్‌డేట్ బాగా లేకపోతే ఏమిటన్నది కూడా ఆ సూచీలోకి రావాలి. 2025 జనవరిలో ఐఓఎస్ 18 తర్వాత ఐఫోన్లు సరిగ్గా పనిచేయడం లేదని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదులు వచ్చినప్పుడు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆపిల్‌కు నోటీసు ఇచ్చింది. అంటే ఫిర్యాదులు కుప్పపడితే కదలిక వస్తుంది. హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు అక్కడ ఫీజు లేదు.

ఫిర్యాదు నిలవాలంటే ఆధారం కావాలి. అప్‌డేట్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బిల్డ్ నంబరు, బ్యాటరీ వాడకం తెరలను ఫోటో తీసి మరో ఫోనుకు పంపి ఉంచుకోవాలి. సర్వీస్ సెంటర్ ఇచ్చే జాబ్ షీటును చదవకుండా సంతకం పెట్టకూడదు. చాలాచోట్ల 'ఫోను నెమ్మదిగా ఉంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం' అని ఒక ముక్క రాసి చేతిలో పెడతారు. ఫలానా తేదీన ఫలానా అప్‌డేట్ వేశాకే ఇబ్బంది మొదలైందని కస్టమర్ చెప్పినట్టు, పాత వెర్షన్ కోరినట్టు, దానికి సెంటర్ ఇచ్చిన జవాబు ఏమిటో ఆ కాగితం మీదే రాయమని అడగాలి.